తలుపు చెప్పిన జబ్బు

ఇంట్లో వస్తువులన్నీ డాక్టర్లయిపోయాక హైమవతి వాటి నోళ్లు నొక్కేసింది. పొయ్యి నూనె తగ్గించమంటుంది, ఫ్రిజ్ చక్కెర వద్దంటుంది, ఇక వీధి తలుపు కూడానా? కన్ను చూసి తెరుచుకునే ఆ తలుపు పది రోజులుగా ఎడమ కంటికి కదలకపోతే, తాళం పాడైందనుకుని కుడి కన్ను చూపించి లోపలికి పోతోంది. కాస్త మసకగా ఉంటే కళ్లద్దాలు పాతబడ్డాయనుకుంది.

ఈ ఉదయం కూరగాయల సంచితో వస్తే కుడి కంటికీ తెరుచుకోలేదు. నోరు నొక్కేసినా సరే, రెండో కన్ను కూడా చెడితే మాత్రం తలుపు దానంతటదే మాట్లాడి తీరుతుందట.

"పది రోజుల కిందటే ఎడమ కంటి రెటీనా ఊడిపోయింది. ఆ చూపు ఇక రాదు. కుడిదీ చిరిగింది, ఈరోజే ఆపరేషన్ కావాలి. అంబులెన్సును పిలిచాను," అంది తలుపు తెరుచుకుంటూ.

లోపలున్న భర్త నరహరి పరిగెత్తుకొచ్చాడు. "పది రోజులా! నాకు చెప్పొద్దుటే?"

"తాళం బాగుచేయించండీ అని రోజూ మొత్తుకుంటూనే ఉన్నాగా," అంది హైమవతి.

ఆవిడ కుడి కన్ను మూసి ఎడమ కంటితో ఆయన్ని చూసింది. చొక్కా అంచు ఒక్కటే ఓ మూల కనబడింది. చటుక్కున కన్ను తెరిచి, అంబులెన్సు వచ్చేదాకా ఆయన మొహమే చూస్తూ నిలబడింది.