పిడి మీద పేరు

“ఈ గొయ్యి తవ్విందెవరు?”

మెర్సీ అత్త గొంతు వినగానే ప్రార్థన మందిరం పెరట్లో ఆల్చిప్పల సూప్ తాగుతున్న వెస్కమ్ వంశస్థులందరూ చెంచాలు దించేశారు. ఏటా ఆగస్టులో రోడ్ ఐలండ్‌లోని ఆ గుట్ట మీద కలుసుకునే పాత బాప్టిస్టు కుటుంబం వాళ్ళది. మందిరాన్ని ఆనుకునే, చుట్టూ రాతిగోడతో, వాళ్ళ సమాధుల దొడ్డి ఉంది. అందులో మెర్సీ అత్త తమ్ముడు ఏమస్ సమాధి పక్కన కొత్తగా ఓ చిన్న గొయ్యి. దాని పక్కనే మట్టిలో గుచ్చిన పార.

ఆమె వంగి పార పిడి చూసింది. ఇరుగుపొరుగు పట్టుకుపోకుండా దాని మీద హెచ్. డబ్ల్యూ. అని కాల్చి వేసిన అక్షరాలున్నాయి.

“హాలిస్, ఇలా రా. పిడి మీద ఎవడి పేరుంటే పని చేసింది వాడే. ఇంకొకరి మీదకి తోసెయ్యకు.”

హాలిస్ ఆమె అన్న కొడుకు. జుట్టు నెరిసిన మనిషి, అయినా చిన్నపిల్లాడిలా నేల చూపులు చూస్తూ వచ్చాడు. డోరీన్ అడిగితే తనే తవ్వానన్నాడు.

డోరీన్ గోడ పక్కన నిలబడి ఉంది. ఆమె రెండు చేతుల మధ్య ఓ డబ్బా, అందులో ఆమె భర్త లైల్ చితాభస్మం. లైల్ పొత్తిళ్ళలో ఉండగా ఏమస్ తెచ్చుకుని పెంచుకున్నాడు. పోయే ముందు లైల్ ఒక్కటే అడిగాడు, నన్ను మా నాన్న పక్కన పెట్టు అని. డోరీన్ ఆ ఒక్క పనికే ఇక్కడికి వచ్చింది.

మెర్సీ అంటే కనికరం. ఈవిడ విషయంలో ఆ కనికరమంతా పేరుకే ఖర్చయిపోయింది. తమ్ముడు పెంచుకున్నాడు, బాగుంది, ఎవరు కాదన్నారు అంది. పెంచినంత మాత్రాన వెస్కమ్ అయిపోడంది. ఈ నేల వంశానికి మూలపురుషుడైన జాబెజ్ తాత రక్తం పంచుకున్నవాళ్ళదే, ఇంకెవరిదీ కాదంది. గొయ్యి పూడ్చెయ్యమని హాలిస్‌కు చెప్పింది. హాలిస్ పార అయితే తీశాడు గానీ, గొయ్యిలోకి మట్టి మాత్రం తొయ్యలేదు.

డోరీన్ ముఖం జేవురించింది.

“ఈ గోడ కూలితే రాయి మీద రాయి పేర్చింది లైలే. ఏమస్ మామయ్య మంచాన పడితే ఎత్తుకెళ్ళి స్నానం చేయించింది లైలే. అప్పుడు మీలో ఒక్కరు కూడా వచ్చి, నీ రక్తం ఏమిటని అడగలేదే.”

సూప్ గిన్నెల వాళ్ళు గిన్నెల్లోకి చూసుకున్నారు. తిండికి ముందుండే జనం, ఒక్క మంచిమాటకు మాత్రం వెనకే.

“పైగా ఏటా మీరు చెప్పేదే కదత్తా. పుట్టుకతో ఎవడూ దేవుడి మనిషి అయిపోడు అన్నందుకే కదా మీ జాబెజ్ తాత దెబ్బలు తిన్నది. ఆయన పుట్టుక చూడొద్దన్నాడు. మీరు ఆయన పేరు చెప్పి పుట్టుకే చూస్తున్నారు.”

ఆ మాటతో మెర్సీ అత్తకు ఒళ్ళు మండిపోయింది. భోజనాలయ్యాక జాబెజ్ తాత కథ చెప్పడం ఆమె హక్కు. బోస్టన్‌లో పసిబిడ్డకు బాప్తిస్మం ఇప్పించనన్నందుకు ఆయన్ను కొయ్యకు కట్టి ముప్పై కొరడా దెబ్బలు కొట్టారనీ, ఆయన ఆ ఊరొదిలి ఇక్కడికొచ్చి ఈ మందిరం నిలబెట్టాడనీ, ఆ కొరడా కూడా వెంట తెచ్చుకున్నాడనీ అక్కడ అందరికీ కంఠతా వచ్చు. కొరడా ఉన్న గాజుపెట్టె అప్పటికే గోడ మీద సిద్ధంగా ఉంది. ఏటా దాన్ని దూరం నుంచి చూసి తల వంచడమే గానీ ముట్టుకున్నవాళ్ళు లేరు.

ఆమె పెట్టె మూత తీసి, కొరడా పట్టుకొచ్చి డోరీన్ ముందు చాచింది.

“పట్టుకో. ఈ మూడు వార్లు ఆయన వీపు చీల్చాయి. ఆ వీపు మీద కారిన రక్తమే మా ఒంట్లో ఉంది. అది దారిన దొరికిన బిడ్డలకి పంచిపెట్టేది కాదు.”

దారిన దొరికిన బిడ్డ అట. భర్త బూడిదను చేతుల్లో పెట్టుకున్న మనిషితో అనే మాటా అది. డోరీన్ పెదవి కొరుక్కుంది. డబ్బాను జాగ్రత్తగా గోడ మీద పెట్టి కొరడా అందుకుంది.

పట్టుకునే చోట తోలు నల్లబడి, అరిగి, నున్నగా ఉంది. వేళ్ళు ఆనిన చోటల్లా గుంటలు పడ్డాయి. ఆమె పిడి తిప్పి చూసింది.

“ఇక్కడేవో అక్షరాలు కాల్చి ఉన్నాయి.”

“జె. డబ్ల్యూ. జాబెజ్ వెస్కమ్.” మెర్సీ అత్త గడ్డం పైకెత్తింది. “ఆయన సొంత చేత్తో వేసుకున్నవి. అలాంటిలాంటి వస్తువు అనుకుంటున్నావా? మూడు వందల ఏళ్ళ పైనుంచి మా ఇల్లు దాటలేదు. ఇప్పుడైనా తెలిసిందా ఆయనెవరో?”

డోరీన్ కొరడా పిడి వంక చూసింది. తర్వాత హాలిస్ చేతిలో ఉన్న పార పిడి వంక చూసింది. ఆమె ముఖంలో కోపం పోయింది. కొరడాను తిప్పి, పిడి వైపు మెర్సీ అత్త చేతికి అందించింది.

“తెలిసిందత్తా. పార మీద పేరున్నవాడే గొయ్యి తవ్వాడన్నారు. మరి కొరడా మీద పేరున్నవాడు ఏం చేసినట్టు?”