వీపు మీది నాచు

మడుగు ఎండి బురదవుతోంది. స్వామి అవతారమెత్తి వస్తాడని చేపలన్నీ పైకే చూస్తున్నాయి.

"మొదట మన చేప రూపంలోనే వచ్చాడు. మళ్లీ రాడా?" అంది వాలుగ.

ముసలి తాబేలు ఒకచోట నిలవలేక గట్టు దాకా పోయి వస్తోంది. "నా రూపంలోనూ వచ్చాడర్రా. ఎందుకొచ్చాడో మాత్రం పొద్దుటి నుంచీ గుర్తు రావడం లేదు."

"రోజూ మాకు చెప్పేదానివి, నువ్వే మరిచిపోతే ఎలా అవ్వా?" అని నవ్వింది చేపపిల్ల. "మునిగిపోతున్న కొండను వీపున మోయడానికి కదూ."

తాబేలు ఆగిపోయింది. మెడ తిప్పి తన వీపు చూసుకుంది. దాని మీద నాచు ఇంకా తడిగానే ఉంది.

"అయితే ఎక్కండి. ఈ నాచులో దూరండి. గట్టు దాటితే ఏరే."

"మేం పోయాక స్వామి వస్తే?" అంది వాలుగ.

"ఈ బురదలోనే ఉండిపోయే కప్ప చెబుతుందిలే. ముందు ఎక్కు, ఆ దారి కూడా నేను మరిచిపోకముందే."