ఊఁ కొట్టిన కుర్చీ

పెళ్ళిరోజని భార్య హైమను సముద్రపొడ్డునున్న కేప్ మే ఊరికి తీసుకొచ్చిన జగదీష్ సాయంత్రం నుంచీ పైగదిలో ఆఫీస్ కాల్‌లోనే ఉన్నాడు. వాళ్ళు దిగిన పాతకాలపు చెక్కమేడ వరండాలో, చీకట్లో, హైమ పక్కనున్న ఊగుడు కుర్చీ కిర్రుమంది.

"వచ్చారా? ఈ ఒక్కసారి నేను చెప్పేది వినండి," అంది, సముద్రం వైపే చూస్తూ.

"ఊఁ."

"మా అమ్మ పోయినరోజు కూడా కాల్ మ్యూట్‌లో పెట్టి ఓదార్చారండీ నన్ను."

"ఊఁ."

ఇంత ఓపిగ్గా ఆయన ఎన్నడూ ఊఁ కొట్టలేదు. ఆమెకు ఏడుపొచ్చింది.

పైన కిటికీ తెరుచుకుంది. "హైమా, కాల్ ఇప్పుడే అయింది. ఒక్కదానివే అక్కడేం చేస్తున్నావ్?" అన్నాడు జగదీష్.

ఆమె పక్కకు తిరగలేదు. కుర్చీ ఊగడం ఆపి, ఆమె మాట కోసం ఎదురుచూస్తోంది.

"మీరు పడుకోండి," అంది పైకి. తర్వాత గొంతు తగ్గించి, ఆపినచోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

ఈసారి "ఊఁ" చెవి పక్కనే వినిపించింది.