చుక్క మోకాలికి గాలి

కణాలు పెంచే పెట్టె మీద ఎర్రగా వెలుగుతున్న అంకెను చూసి పెంచలకృష్ణ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆక్సిజన్ ఐదు శాతం. బయటి గాలిలో ఇరవై ఒకటి ఉంటుందని, రొయ్య పిల్లల హేచరీ నడిపేవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మైపాడు సముద్రం ఒడ్డున ఉన్న ఆ హేచరీలో మూలగదిని, పశువైద్య పరిశోధన చేసే వినీలకు ఏడాది కిందట అతనే అద్దెకిచ్చాడు. ఆ పెట్టెలోని పళ్లేల్లో ఇప్పుడు చుక్క ప్రాణం ఉంది. చుక్క చిన్నపోలయ్య గుర్రం. ఇసుకలో పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతూ అతని ఇంటిని సాకేది. ముందుకాలి మోకాల్లో గుజ్జు అరిగిపోయి, రెండు నెలలుగా మూడు కాళ్ల మీదే నిలబడుతోంది. మిగిలిన గుజ్జులోంచి గోరంత తీసి వినీల ఆ కణాలను పెంచుతోంది. బుధవారం వాటిని మళ్లీ మోకాల్లో పెట్టాలి. అవి చస్తే రెండోసారి గీకడానికి అక్కడేమీ మిగల్లేదు. అప్పుడిక సూది వేసి శాశ్వతంగా పడుకోబెట్టడమేనని డాక్టర్లు ముందే తేల్చేశారు.

నిన్న సంగం ఊరికి వెళ్తూ వినీల అతనికి ఒక్క పనే అప్పగించింది. “కరెంటు పోతే జనరేటర్ వేయించన్నా. వీటికి గాలి తేడా వస్తే మిగలవు.”

ఈ పొద్దున కరెంటు పోనే పోయింది. జనరేటర్ అందుకోవడానికి పది నిమిషాలు పట్టింది. ఆ సందులోనే గాలి పడిపోయి ఉంటుంది.

వినీలకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్ అని వచ్చింది. మళ్లీ చేయలేదు. బతికించాకే చెబుదామనుకున్నాడు. ఇరవై ఏళ్లలో అతను నేర్చిన లెక్క ఒకటే: మేత తగ్గినా పంట ఎంతో కొంత మిగులుతుంది, గాలి తగ్గితే మిగలదు. రొయ్య గాలి చాలక పైకి తేలాడుతుంటే ఎవరి మాట కోసమో ఎదురుచూసినవాడు, చచ్చిన పంటను గట్టు మీద కుప్ప పోసుకుంటాడు.

వెనక చిన్నపోలయ్య వచ్చి నిలబడ్డాడు. చెప్పులు విప్పి కూడా లోపలికి అడుగు పెట్టలేదు.

“లోపల మనోళ్లు ఎట్టుండారన్నా?”

“ఊపిరాడతా లేదు పోలయ్యా.”

“ఆ పాప వచ్చేదాకా ఆగితే?”

“ఆగితే నువ్వు గుంత తవ్వుకోవాల.”

ఇద్దరూ కలిసి, రొయ్య పిల్లను సంచుల్లో కట్టేటప్పుడు గాలి పట్టే ఆక్సిజన్ సిలిండర్‌ను దొర్లించుకొచ్చారు. పెట్టె వెనక గొట్టం ఊడదీసి, సిలిండర్ గొట్టం బిగించాడు పెంచలకృష్ణ. అంకె కదిలింది. పది. ఇరవై. ఎనభై దగ్గర నిలిపాడు. సంచిలో నిండుగా గాలి పడితేనే పిల్ల ఎంత దూరమైనా ప్రాణంతో చేరుతుంది.

వినీల వచ్చేదాకా రెండు రోజులూ కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాడు. సిలిండర్లు రెండుసార్లు మార్చాడు. అంకె ఒక్క గీత తగ్గినా లేచి నిలబడేవాడు. బయట సరుగుడు చెట్టుకు కట్టేసిన చుక్క, ఉలవలు ముందు పెట్టినా మూతి తిప్పుకుంటోంది. నొప్పి కాలు ఇసుకకు ఆనించబోయి, ఆనించకుండానే ఎత్తుకుంటోంది. చిన్నపోలయ్య గంటకోసారి వచ్చి కిటికీలోంచి అంకె చూసి పోతున్నాడు. అతనికి చదువు రాదు. ఎనిమిది పక్కన సున్నా ఉంటే మంచిదని మాత్రం పెంచలకృష్ణ నేర్పాడు.

సోమవారం పొద్దున వినీల వచ్చింది. సిలిండర్‌నూ గొట్టాన్నీ చూసింది. ఒక పళ్లెం తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూసింది. రెండోది పెట్టింది. తర్వాత మిగిలినవన్నీ.

“ఒక్కటి కూడా బతికి లేదన్నా.”

పెంచలకృష్ణ గోడకు ఆనుకున్నాడు. కిటికీ అవతల చిన్నపోలయ్య తలగుడ్డ తీసి చేతిలో నలుపుతున్నాడు.

“నేను చూసేతలికే ఐదుకు పడిపోయుండాదమ్మా,” అన్నాడు పెంచలకృష్ణ. “అప్పటికే ప్రాణాలు పోయుంటాయి. ఒక్క గంట ముందు వచ్చుంటే నిలబెట్టేవాణ్ణి.”

“నీ తప్పేముందన్నా,” అన్నాడు చిన్నపోలయ్య కిటికీలోంచి. “కన్న బిడ్డకైనా ఎవురూ ఇట్ట కాపలా కాయరు.”

ఆ మాటకు పెంచలకృష్ణ కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే కోపమూ వచ్చింది. జనరేటర్ ఆలస్యం చేసినవాడెవడో తేలుస్తానన్నాడు. “గాలిని ఐదుకు పడనిచ్చినోడెవడైనా సరే, వాణ్ణి ఈ గేటు దాటనివ్వను.”

వినీల చేతి తొడుగులు నెమ్మదిగా ఊడదీసి బల్ల మీద పెట్టింది.

“ఆ ఐదు నేను పెట్టిందేనన్నా, గుర్రం మోకాల్లో ఉండే గాలి అంతే.”