ఎరుపు మీద ఉరుము

"తాతా, నవ్వొద్దని చెప్పానా!"

నాజియా కెమెరా వెనక నుంచి అరిచింది. బుల్లయ్య గబుక్కున నోరు మూసుకున్నాడు గానీ మీసాల కింద నవ్వు అలాగే ఉండిపోయింది. ఆయన చుట్టూ కల్లం నిండా ఎండుమిరపకాయలు. పక్క కల్లంలోనూ అవే, ఆ పక్క కల్లంలోనూ అవే. డొంక దాకా ఎక్కడ చూసినా ఎరుపే.

"భయపడాలి తాతా. నీ ఏడాది పంట కల్లంలో ఆరబోసి ఉంది. ఉన్నట్టుండి ఉరిమింది. తలెత్తి చూశావు. అప్పుడు మొహం ఎట్టా ఉంటది?"

"ఇట్టా," అని బుల్లయ్య తలెత్తాడు. నూనె రాసి దువ్వుకొచ్చిన జుట్టును అరచేత్తో ఓసారి అదుముకుని, మళ్ళీ పళ్ళన్నీ బయటపెట్టాడు. "బాగా అగపడతన్నానా అమ్మాయ్? మా మనవరాలు చూస్తానంది."

నాజియా తల పట్టుకుంది. రేపు పొద్దున గుంటూరులో, కాలేజీలో, సినిమా మొదటి నిమిషం చూపించాలి. ఎవరి మొదలు నచ్చితే ఈ ఏడాది వాళ్ళ సినిమానే తీయనిస్తారు. మిగిలినవాళ్ళంతా వాళ్ళ వెనక లైట్లు మోయాల్సిందే. కిందటేడు తను మోసింది. మళ్ళీ మోసే ఓపిక లేదు.

మొదలు ఎలా ఉండాలో ఆమెకు కళ్ళకు కట్టినట్టు తెలుసు. ముందు చీకటి తెర. ఒక్క ఉరుము. వెంటనే తెర నిండా ఎరుపు, ఆ ఎరుపు నడుమ బెదిరిపోయి పైకి చూసే ముసలి మొహం. సంగీతం లేదు, మాట లేదు. ఎరుపు పక్కన ఇంకో రంగు ఉండకూడదని బుల్లయ్య భుజం మీది ఆకుపచ్చ కండువా కూడా లాగేసింది. అన్నీ కుదిరాయి, ఆ బెదురు తప్ప.

"ఉత్తినే భయపడమంటే ఎవరు భయపడతారే?" అన్నాడు షఫీక్. సినిమాలో శబ్దాల పని అతనిది. "ఉరుమును తర్వాత అతికించడమెందుకు? ఇక్కడే మోగిద్దాం. మొహం దానంతటదే మారుద్ది."

పెళ్ళి ఊరేగింపుల్లో పాటలు పెట్టే చక్రాల బాక్సు ఒకటి తెచ్చుకున్నాడు. దాన్ని ట్రాక్టరు చాటుకు నెట్టి, ఫోన్లో ఉరుము వెతికి, పూర్తిగా సౌండ్ పెంచి నొక్కాడు.

నాజియాకే గుండె ఝల్లుమంది. బుల్లయ్య మాత్రం ట్రాక్టరు వైపు తిరిగి, "అబ్బో! భలే ఉందిరా మీ బాక్సు!" అన్నాడు.

అంతలో పక్క కల్లాల్లో కేక లేచింది.

"పట్టాలు! పట్టాలు లాగండ్రా!"

ఎక్కడెక్కడి జనమో పరుగెత్తుకొచ్చారు. చెప్పుల్లేకుండా ఒకరు, ఎంగిలి చేత్తో ఒకరు. కుప్పలు లాగేవాళ్ళు లాగుతున్నారు, పట్టాలు కప్పేవాళ్ళు కప్పుతున్నారు. నాజియా కళ్ళ ముందే ఆమె ఎరుపంతా నీలం పట్టాల కింద మాయమైపోయింది.

"ఆగండి! అది ఉత్తుత్తి ఉరుము! సినిమా ఉరుము!" అని చేతులు ఊపుకుంటూ వెళ్ళేసరికి పట్టాల అంచుల మీద రాళ్ళు కూడా పెట్టేశారు.

పక్క కల్లం పున్నమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురొచ్చింది. "సినిమా ఉరుమా? కంచం ముందు నుంచి లేచొచ్చానే నేను! మోకాళ్ళు పట్టేసినయ్యి!"

"తప్పయిపోయింది పిన్నీ. ఒక్క పది నిమిషాలు పట్టాలు తీయరా? నాకు ఎరుపు కావాలి."

"తీస్తా. తీసి, మళ్ళీ కప్పుతా. ఆనక మీ ఇంటికొచ్చి అంట్లు కూడా తోమనా?"

చుట్టూ నవ్వులు. "పొద్దుగూకబోతంది, ఎట్టాగూ కప్పేదేగా," అనుకుంటూ జనం ఊళ్ళోకి దారితీశారు. పున్నమ్మ మాత్రం వెనక్కి తిరిగి, "నువ్వూ కప్పుకో బావా!" అంది.

"నాకు షూటింగుందమ్మే!" అన్నాడు బుల్లయ్య. నాజియా వైపు తిరిగి కన్నుగీటాడు. "చూశావా అమ్మాయ్, పిచ్చి జనం! నేను కదిలానా?"

నాజియాకు ఏడుపొక్కటే తక్కువ. కాళ్ళీడ్చుకుంటూ వచ్చి కెమెరా తెరలోకి చూసింది. చూసి, అలాగే ఉండిపోయింది.

అంతా నీలం. నడుమ ఒక్క కల్లం ఎరుపు. తను అనుకున్న రంగుకంటే ఇదే బాగుంది! అడక్కుండానే ఎండ మెత్తబడింది, ఎరుపు ఇంకా చిక్కనైంది. ఆ తెర మీంచి ఆమె చూపు తిప్పుకోలేకపోయింది.

"షఫీక్! ఇదేరా మన మొదలు! బాక్సు రెడీ చెయ్!"

షఫీక్ ట్రాక్టరు దగ్గర నుంచి ఏదో అరిచాడు. గాలికి వినపడలేదు. సరే అన్నాడనుకుంది. బుల్లయ్య మళ్ళీ జుట్టు అదుముకున్నాడు. నాజియా బొత్తాం నొక్కింది.

ఉరిమింది. కాళ్ళ కింద నేల అదిరింది.

బుల్లయ్య పడీపడీ నవ్వాడు. "ఇదీ ఉరుమంటే! ఇందాకటిది రేకుడబ్బా మోగినట్టుంది గానీ!"

"కట్! మళ్ళీ నవ్వావు తాతా!" నాజియా విసురుగా ట్రాక్టరు వైపు తిరిగింది. "నేను చెప్పకముందే ఎందుకు నొక్కావురా?"

షఫీక్ ట్రాక్టరు దగ్గర లేడు. బాక్సును ఈడ్చుకుంటూ వచ్చి ఆమె వెనకే నిలబడ్డాడు.

"నేనెక్కడ నొక్కానే? దీని చార్జింగ్ అయిపోయిందని చెబుదామనే వస్తన్నా."