ఊది పెట్టిన ముక్కలు

"ఎవరికక్కా, అలా ఊదుతున్నావ్?"

అచ్చాయమ్మ ఉలిక్కిపడింది.

బల్ల మధ్య నిప్పుల మీద ఎవరికి కావలసిన మాంసం వాళ్ళే కాల్చుకు తినే జపాను హోటలది. తాను పనిచేసే అరబ్బు ఇంటి చిన్నబాబు ఖాలిద్‌కి ఇక్కడ తినిపించడమేగాని, తానెప్పుడూ నోట పెట్టి ఎరగదు. ఇప్పుడు బాబు చదువుకని లండన్ వెళ్ళిపోయాడు. ఆమె పని ఖలాస్. రేపే ఊరికి విమానం. ఒక్కసారైనా రుచి చూద్దామని మంగళవారం మధ్యాహ్నం ఒంటరిగా వచ్చింది.

తీరా చూస్తే, కాల్చిందంతా చిన్న చిన్న ముక్కలు చేసి, ఊది చల్లార్చి, ఎదుటి ఖాళీ కుర్చీ ముందున్న పళ్ళెంలో పెట్టేసింది.

"అలవాటు తమ్ముడూ."

"పోన్లే. ఎల్లుండి నీ కొడుక్కి పెడుదువుగాని," అన్నాడు వడ్డించే ఏసురాజు. అతనిదీ కాకినాడే.

"ముద్ద కలుపుకోడం కూడా రాని వయసులో వదిలేసొచ్చానురా వాణ్ణి." పట్టకారు కింద పెట్టింది. "మొన్న ఇంటి నుంచి మాటలు నింపిన కేసెట్టొచ్చింది. మా ఆయన గొంతే అనుకుని ఆసాంతం విన్నాను."

"అయితే?"

"ఆఖర్న, 'ఉంటానమ్మా' అన్నాడు మా పిల్లోడు."