రెండో లారీ

"పెద్ద కంపెనీలోనే చేరతా మామా" అన్నాడు ఉమామహేశ్.

లారీ అద్దం తుడుస్తున్న సుంకప్ప చెయ్యి ఆగిపోయింది.

అల్లుడికి హెవీ లైసెన్సు వచ్చిందని, తన ఓనర్ దేవేంద్రప్ప రెండో లారీ కొంటున్నాడని, దాన్ని అల్లుడే తోలతాడని ఆయన కోసిగి ఊరంతా చెప్పుకొచ్చాడు. ఇక బేతంచెర్లలో నాపరాళ్లు ఎత్తుకుని, మామా అల్లుళ్లు ఒకరి వెనక ఒకరు పోయి, ఒకే హోటల్లో అన్నం తిని రావడమే తరువాయి. వినీ వినీ టీకొట్టు వాడికి కూడా విసుగొచ్చింది.

"నిన్న దేవేంద్రప్ప నీతో మాట్లాడినాడు గదా. ఏమన్నాడు?"

"రమ్మనే అన్నాడు."

"ఇంగేం కావాల?"

ఉమామహేశ్ నేలచూపులు చూశాడు. కడప దగ్గరున్న ఆ పెద్ద కంపెనీని మొన్నటిదాకా ఎగతాళి చేసింది తనే. వందల లారీలు. డ్రైవర్ను నంబరు పెట్టి పిలుస్తారు. ముఖం ముందు కెమెరా, ఆవలిస్తే ఆఫీసు నుంచి ఫోను. కొత్తవాడికి గుజరాత్ లైనే ఇస్తారు, అది ఎక్కితే నెల తిరిగినా ఇల్లు కనబడదు.

"ఆడ పీఎఫ్ ఉంటాది, బీమా ఉంటాది. బండ్లన్నీ కొత్తవి. ఈడ ఏముండాది మామా? టైరు పగిలినా మనమే, పోలీసోళ్లు ఆపినా మనమే."

"ఈడ ఏముండాదా?" సుంకప్ప చేతిలో గుడ్డ విసిరేశాడు. "నాకు జరమొచ్చి బళ్లారి ఆసుపత్రిలో పడితే పక్కన కూచునింది ఎవురు? దేవేంద్రప్ప. నన్ను ఇంట్లో మనిషి మాదిరి చూసుకుంటాడు. నీ కంపెనీ చూసుకుంటాదా?"

ఉమామహేశ్ బ్యాగులో బట్టలు కుక్కడం మొదలుపెట్టాడు. మామ ముఖంలోకి చూడడం కష్టంగా ఉంది.

శివజ్యోతి గడప దాకా వచ్చి నిలబడింది. కాన్పుకు పుట్టింటికి వచ్చింది, నెలలు నిండాయి. మొగుడు దగ్గర్లోనే ఉంటాడన్న ధైర్యంతోనే ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉంది.

"కాన్పయ్యేదాకన్నా ఉండవా?"

"ఈపొద్దు పోకుంటే ఆ ఉద్యోగం పోతాది."

"నాకంటే ఉద్యోగమే ఎక్కువైందా నీకు?"

అవునని చెప్పలేడు. కాదని చెబితే ఆమె ఆపేస్తుంది. బ్యాగు జిప్పు లాగుతూ కూర్చున్నాడు.

సుంకప్ప మోకాలు పట్టుకుని మెల్లగా అరుగు మీద కూలబడ్డాడు.

"నొప్పి శానా ఉండాదా మామా?" అడిగాడు ఉమామహేశ్. "కొన్నాళ్లు ఇంటికాడ ఉండరాదా?"

"మాట మార్చొద్దు. స్టీరింగు దిగిన పొద్దే నేను పోయినట్టు లెక్క. మన ఊరి డ్రైవరు పెద్దన్నను చూడు. డ్యూటీ మానేసినప్పటి నుంచి రోడ్డు పక్కన నిలబడి వచ్చే పోయే బండ్లకు చెయ్యి ఊపుతాంటాడు. వాని మాదిరి నేను బతకలేను." ఆయన మోకాలు నిమురుకున్నాడు. "నీ పక్కన బండి తోలాలని శానా ఆశపడినా అప్పా."

ఉమామహేశ్ లేచాడు. బ్యాగు భుజాన వేసుకున్నాడు.

"పోయొస్తా మామా."

"పో. పెద్దోడివి అయినావు. ఇంగ నన్ను మామా అని పిలవొద్దు."

శివజ్యోతి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. అతను కాసేపు ఆ తలుపు వైపే చూసి, రోడ్డెక్కాడు.

బస్టాండులో ఎండ మండిపోతోంది. ఒక మూలకు వెళ్లి, కళ్లు తుడుచుకుని దేవేంద్రప్పకు ఫోన్ చేశాడు.

"నేను రాలేనన్నా. కడపకు పోతాండా. ఇంకెవురినన్నా చూస్తావేమో..."

"నిన్ను నమ్మినట్టు ఇంకొకన్ని నమ్మి నా బండి ఇయ్యలేనప్పా. బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నా అన్నా."

అవతల దేవేంద్రప్ప నిట్టూర్చి అన్నాడు:

"సరేలేప్పా, రెండో లారీ మాట ఉత్తదేనని మాత్రం మీ మామకు చెప్పొద్దు, నువ్వు రాకుంటే ఇంగ ఉండే ఆ ఒక్క బండి సీట్లోంచి ఆయన్ను దింపేది లేదులే."